మసిగుడ్డ లోపలి పొర

నీళ్ళు మా వంటింటి కిటికీ చువ్వల దాకా వచ్చిన వరద ఏడాది అది. వరద తీసి ఆరు నెలలైంది. గోడకి రెండుసార్లు సున్నం వేసినా బురద గీత మళ్ళీ పైకి తేలేది.

నేను నూలు మిల్లులో ముప్పై ఒక్కేళ్ళు పనిచేశాను, దారాన్ని కోన్లకి చుట్టేచోట. బడికి వెళ్ళింది మూడేళ్ళే. మాట తక్కువని మిల్లులో నాకు తాళంకప్ప అని పేరు పెట్టారు. దారం సంగతిలో మాత్రం నా వేళ్ళు తప్పవని అందరూ ఒప్పుకునేవారు. నేనూ ఒప్పుకునేవాణ్ణి.

మా ఆవిడ క్రోషా అల్లుతుంది. అన్నీ వంటింటివే. గిన్నెలు తోమే గుడ్డలకి బొడిపెలు వేస్తుంది, అడుగంటింది గీరుకోవడానికి. వేడి గిన్నె దించే మసిగుడ్డలకి రెండు పొరలు. పై పొర బొడిపెల అల్లిక, లోపలిది సాదా అల్లిక, రెంటినీ కలుపుతూ చుట్టూ అంచు. బొడిపెల సందుల్లో గాలి ఉంటుంది కనక చేతికి వేడి తొందరగా తగలదు. అంతా నూలే కావాలి. సింథటిక్ దారం కలిసిందంటే వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది.

పొరలు రెండూ ఆవిడ అల్లుతుంది. అంచు కోడలు అల్లుతుంది. దారం తెచ్చి ఉండలు చుట్టేది నేను.

కోడలు వచ్చి నాలుగు నెలలు. మా వాడు లారీ ఎక్కితే పది రోజులకి గాని దిగడు. ఆ పిల్లకి సొంతంగా ఒక గుడ్డసంచి ఉంది. అందులో పసిపిల్లల టోపీలకని తెల్లదీ గులాబీదీ సింథటిక్ దారం పెట్టుకునేది. మధ్యాహ్నం మేం నడుం వాల్చగానే ఆ సంచి తీసుకుని డాబా మీదికి వెళ్ళేది. ఎందుకో నేను అడగలేదు. మనసులో మాత్రం పెట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున బేకరీ మేస్త్రి వచ్చాడు. కుడిచేతికి కట్టు. ఎడమచేతిలో మేం ఇచ్చిన ఇరవై మసిగుడ్డల మూట. పైనున్న గుడ్డ తీసి బల్ల మీద పడేశాడు. అట్టలా టక్కున మోగింది. రొట్టెలు కాల్చే రేకు అంచు ముద్ర దాని మీద అచ్చుపడి ఉంది.

"అక్కా, ఇది మసిగుడ్డా, లక్కముద్రా?" అన్నాడు.

ఆవిడ దాన్ని తిప్పి చూసింది. ముఖం పాలిపోయింది.

"నా చేత్తో పదేళ్ళుగా అల్లుతున్నాను తమ్ముడూ. ఏనాడైనా ఇలా జరిగిందా?"

"జరగలేదనేగా చూసుకోకుండా పట్టుకున్నాను. పట్టుకున్నాక వదలాలన్నా వదల్లేదు. ఇంట్లో ఎవరో దారం మార్చారక్కా. ఎవరో తేల్చుకుని చెప్పు. అంతవరకూ ఈ ఇంటి గుడ్డ నా బేకరీ గడప తొక్కదు." వెళుతూ నా వంక చూశాడు. "తాళంకప్ప గారిని అడిగి లాభం లేదు. తెరుచుకోదు."

అతను వెళ్ళాక మా ఆవిడ చూపు కోడలి మీదికి పోయింది. నాది అంతకు ముందే పోయింది.

ఆ పిల్ల నీళ్ళకి వెళ్ళినప్పుడు నేను సంచి విప్పాను. తెల్ల సింథటిక్ ఉండ సగానికి పైగా అయిపోయి ఉంది. తీసుకెళ్ళి మా ఆవిడ ఒళ్ళో పెట్టాను.

బిందె దించుతూనే కోడలు ఆ ఉండ చూసింది.

"ఈ దారం ఏమైందమ్మాయ్?" అంది ఆవిడ.

"టోపీ అల్లాను అత్తయ్యా."

"ఏదీ టోపీ?"

"పై వాటాలో పసిపాపకి ఇచ్చాను."

"మధ్యాహ్నం మధ్యాహ్నం డాబా మీద ఏం పని?"

"అక్కడైతే ఫోను బాగా అందుతుంది. మీ అబ్బాయితో మాట్లాడతాను. అదీ తప్పేనా?"

"మాట్లాడుతూ అల్లితే చేతికి ఏ ఉండ దొరికితే ఆ ఉండే. నా దారంలో నీది కలిపేశావు. ఒప్పుకుంటే పోయేదానికి ఎందుకీ మెలికలు?"

పై వాటా మా ఇంటికి పన్నెండు మెట్లు. ఎక్కి అడిగితే టోపీ సంగతి తేలిపోయేది. నేను ఎక్కలేదు.

కోడలు చెయ్యి తుడుచుకుని నన్ను చూసింది. "నా సంచి ఎవరు విప్పారో అడగను మామయ్యా. రేపు మొదటి బస్సుకి మా అమ్మ దగ్గరికి వెళతాను. చెయ్యని పని ఒప్పుకుని ఈ ఇంట్లో అన్నం తినలేను."

"వెళ్ళు. మా వాడికి ఏం చెప్పాలో నేను చెప్పుకుంటాను," అంది మా ఆవిడ. అనేసి సూది పట్టుకుంది గాని ఒక్క కుట్టు వెయ్యలేదు.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి నేను మేస్త్రి వదిలిపోయిన మూట తీసుకుని పెరట్లో కూర్చున్నాను. కోడలి తప్పు కళ్ళారా చూద్దామనే కూర్చున్నాను. నూలు కాలితే కాగితం కాలిన వాసన వేసి బూడిద రాలుతుంది. సింథటిక్ అయితే ముడుచుకుపోయి, కొసన నల్లటి గింజ కడుతుంది. మిల్లులో మొదటి రోజు నేర్పేది ఇదే.

ఒక గుడ్డ అంచు విప్పి పోగు వెలిగించాను. బూడిద. రెండో గుడ్డ అంచూ బూడిదే. పదో గుడ్డ దాకా చూశాను. ఎక్కడా గింజ కట్టలేదు. కోడలు అల్లింది అంతా నూలే.

పై పొర బొడిపె ఒకటి లాగి వెలిగించాను. అదీ నూలే. లోపలి పొర వెలిగించాను. ముడుచుకుంది. గింజ కట్టింది.

లోపలి పొర అల్లింది మా ఆవిడ. అప్పుడు ఆవిణ్ణే అనుమానించాను. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని, కోడల్ని వెళ్ళగొట్టడానికి ఇంత పని చేసిందా అనుకున్నాను. ఆవిడ అల్లిక బుట్ట తెచ్చి వెతికాను. లోపలి పొరకి వాడుతున్న ఉండ దొరికింది. వెలిగిస్తే అదీ గింజ కట్టింది. కొస పట్టుకుని చూస్తే మొదట వేసిన ముడి ఎడమ మెలిక ముడి. మిల్లు ముడి. ఈ ఇంట్లో అది వచ్చిన చేతులు రెండే, ఆ రెండూ నావి.

అటక ఎక్కాను. వరద తీసిన వారానికి ఒక దారాల కొట్టువాడు తడిసిన సరుకు రోడ్డు మీద పోసి అమ్మాడు. అందులో ఆరు కోన్లు తెచ్చాను. ఆకుపచ్చ మూతి కోన్లు. మా మిల్లులో ఆకుపచ్చ మూతి అంటే నూలు, ఎర్ర మూతి అంటే సింథటిక్. కోనుకి అంటించిన కాగితం ఎవరూ చూడరు, మూతి రంగు చూసి కోను అందుకుంటారు. నేనూ అలాగే అందుకున్నాను. ఆ సరుకు మా మిల్లుది కాదు. బురద నీళ్ళు తాగి బిరుసెక్కిన దారం, వేళ్ళకీ తేడా తెలియలేదు. నాలుగు మిగిలాయి. నాలుగూ వెలిగించాను. నాలుగు గింజలు.

కిందికి దిగాను. ఆవిడ వంటింట్లో ఉంది. కోడలు గదిలో బట్టలు సర్దుకుంటోంది. ఇద్దరి మధ్యా నిలబడ్డాను. వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున వాళ్ళకంటే ముందు లేచి, కోనూ అగ్గిపెట్టే పట్టుకుని వీధి గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను. కోడలు బట్టల సంచీతో వచ్చింది.

"జరగండి మామయ్యా. బస్సు వచ్చేస్తుంది."

పోగు లాగి అగ్గిపుల్ల గీశాను. గింజ ఆమె చేతికిచ్చాను. "నేను తెచ్చిందే," అన్నాను.

మా ఆవిడ వెనకనించి వచ్చింది. "బాగుంది. సంచి విప్పింది మీరు, ఇవాళ జాలిపడి నేరం నెత్తిన వేసుకునేదీ మీరేనా? నేను నమ్మను."

ఇక చెప్పక తప్పలేదు. "మా మిల్లులో ఆకుపచ్చ మూతి నూలు. ఇదీ అంతే అనుకున్నాను. కాగితం మీద రాసే ఉంది. చదవాలంటే వేలు పెట్టి కూడబలుక్కోవాలి. కొట్టు ముందు పదిమంది ఉన్నారు. సిగ్గేసింది. వరద తీసిన వారానికి తెచ్చాను. అప్పటికి ఈ పిల్ల మనింటికే రాలేదు."

ఆవిడ కోను లాక్కుని కాగితం చదివింది. వీధి చివర బస్సు ఆగి, బయలుదేరిన చప్పుడు వినిపించింది.

"నేనన్న మాట..." అంది ఆవిడ, కోడలి వైపు చూడకుండా.

"అన్నారుగా అత్తయ్యా. మళ్ళీ చెప్పకండి." కోడలు నా వైపు తిరిగింది. "మీ అనుమానం తీరిందా మామయ్యా?"

"తీరింది."

"నాది ఇప్పుడు మొదలైంది. ఇంకెవరు ఎప్పుడు నా సంచి విప్పుతారో అని. ముందు బేకరీకి వెళ్ళి ఈ మాటే చెప్పి రండి. ఉండాలో వెళ్ళాలో అప్పుడు చూస్తాను."

వెళ్ళాను. నలుగురు పనివాళ్ళు వింటుండగా చెప్పాను. మేస్త్రి కట్టు కట్టిన చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నాడు.

"తాళం తెరుచుకుందే," అన్నాడు. "నా తోలు వదిలితే గాని తెరుచుకోలేదన్నమాట." నవ్వలేదు. కొత్త గుడ్డ ఒకటి తెమ్మన్నాడు, ముందు తనే కాల్చి చూస్తానన్నాడు.

వచ్చేదారిలో ఒక కోను కొన్నాను. కాగితం మీద వేలు పెట్టి, కొట్టువాడి ముందే కూడబలుక్కుని చదివాను. ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర బట్టల సంచి లేదు. కోడలి చెప్పులున్నాయా అని చూశాను. ఉన్నాయి.

కోను తీసుకెళ్ళి కోడలికిచ్చాను. కాగితం చదివింది. తర్వాత అగ్గిపెట్టె అడిగింది. ఇచ్చాను.