పుట్టకముందే ముసలిదైన నత్త

నెవాడా కొండల్లో ఎండిపోయిన సరస్సుల మీద పనిచేసే మాకు ఒక మొండి ఆచారం ఉంది. ఏటా శరదృతువులో అందరం ఒకచోట గుడారాలు వేస్తాం. కొత్త మాట చెప్పదలచినవాళ్లు పాత ఒడ్డున గొయ్యి తవ్వి, అందులో నిలబడే వాదించాలి. మిగతావాళ్లు గట్టు మీద బీరు సీసాలతో కూర్చుని ఆటపట్టిస్తారు.

ఆ ఏడు గొయ్యి నాది. గట్టు మీద నా గురువు ఆరిన్ హ్యాస్లమ్. ఈ కొండ నడుముదాకా నీళ్లు ఎక్కింది మంచుయుగం చలి ఇంకా ముదిరి ఉన్నప్పుడేనని, ఒడ్డున దొరికిన నత్తగుల్లల్లోని కార్బన్‌తో వయసు కట్టి ఆయన ఏనాడో తేల్చేశారు. కాదు, మంచు కరగడం మొదలయ్యాకే వానలు ముంచెత్తాయని నా వాదన. నా పట్టా మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఓడితే ఐదేళ్ల చదువు గంగపాలే.

"నెరియా, గుల్లలు అబద్ధమాడతాయా?" అని పైనుంచి అరిచారు.

"ఆడతాయి ప్రొఫెసర్. ఇదిగో, సాక్షి!" అంటూ డబ్బా మూత తీసి, చెయ్యి పైకి చాచి ఆయన అరచేతిలో ఒక నత్తను పెట్టాను. కొండ కింది ఊటలో పట్టింది. అది కొమ్ములు చాచి పాకసాగింది.

"దీని బతికున్న చుట్టాలను ల్యాబ్‌కి పంపాను. రెండువేల ఏళ్ల కిందటే చచ్చాయట!"

గట్టంతా గొల్లుమంది. సున్నపురాళ్లలోంచి వచ్చే నీళ్లలో పాత కార్బన్ ఉంటుంది. నత్త దాంతోనే ఇల్లు కట్టుకుంటుంది. అలా పుట్టకముందే దానికి ముసలితనం అంటుకుంటుంది.

ఆరిన్ నవ్వలేదు. "ఇది ఇవాళ్టి నీళ్ల సంగతి. అప్పటి నీళ్లూ ఇంతేనని నీకెవరు చెప్పారు?"

"దిగి చూడండి."

మోకాళ్లు పట్టుకుని దిగారు. గోడలో, ఒకే గులకరాళ్ల పొరలో, గుల్లను ఆనుకుని విల్లో చెట్టు కొమ్మ ముక్క ఉంది.

"కొమ్మ గాలి తిని పెరిగింది, రాయి తిని కాదు. రెండిటికీ వయసు కట్టించాను. పక్కపక్కనే పడున్నా, గుల్లే రెండువేల ఏళ్లు పెద్దదని వచ్చింది. ఆ రెండువేలూ తీసేస్తే, నీళ్లెక్కింది మంచు కరగడం మొదలయ్యాకే."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వేలితో మట్టి గీకి, కొమ్మ తర్వాతెప్పుడో వచ్చి ఇరుక్కున్నది కాదుకదా అని చుట్టూ తడిమి చూశారు. నాకు ఒళ్లు మండింది. అలా అనుమానించడం నేర్పింది ఆయనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను. పొర ఎక్కడా చెదిరి లేదు.

"ఓయ్, సీసాలు పక్కన పెట్టి దిగండి!" అని పైకి ఒక్క కేక వేశారు. "ఇన్నాళ్లూ మీకు తప్పు పాఠం చెప్పాను. అసలుది ఈ పిల్ల చెబుతుంది."

తర్వాత నావైపు తిరిగి, "ఇంతకీ వానలు అంత ఆలస్యంగా ఎందుకొచ్చాయంటావ్?" అన్నారు.

జవాబు తనకు తెలియకుండా ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. గర్వంతో ఉబ్బిపోయాను. కొండ అవతలికి కూడా వినబడేలా చెప్పడం మొదలుపెట్టాను.