మనం పెంచిన సైప్రస్ కంచె

“మనం రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తే చాలట,” అన్నారు మా ఆయన, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ. నేను పైపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మా ఇంట్లో మనం అంటే నేనే. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే ఒళ్ళు పులకరించేది. మనం ఇల్లు మారదాం, మనం కర్టెన్లు కుట్టిద్దాం, మనం అమ్మని డాక్టరుకి చూపించాలి. ఎంత కలుపుగోలు మనిషి దొరికారో అని మురిసిపోయాను. తీరా ఇల్లు మారేటప్పుడు ఇరవై మూడు పెట్టెలు నేనొక్కదాన్నే సర్దితే గాని ఆ మాటకి అర్థం తెలియలేదు. చిత్రమేమిటంటే, బళ్ళో నేను చెప్పేది భాషే. ఆరో తరగతి పిల్లలకి ఏటా బల్ల గుద్ది చెబుతాను, మాట్లాడేవాళ్ళూ వినేవాళ్ళూ కలిస్తే మనం, వినేవాళ్ళని బయట పెడితే మేము అని. ఇంటి దగ్గర నోటుపుస్తకాలు దిద్దుతూ నేను పైకి చదవగా చదవగా మా అత్తగారికి కూడా ఈ సూత్రం కంఠతా వచ్చేసింది. మాట్లాడేవాడు మెల్లగా జారుకుని వినేదాన్ని మాత్రమే ఇరికించే మనం ఏ వ్యాకరణంలోనూ లేదు. మా హెడ్మాస్టరు గారికీ ఈ మనం బాగా అలవాటు. మనం స్టేజి అలంకరణ చూసుకుందాం టీచర్ అని ఆయన కుర్చీలో వెనక్కి వాలతారు, నేను నిచ్చెన ఎక్కుతాను.

ఈ మొక్కల గొడవ నా కాళ్ళతో మొదలయింది. బడి నుంచి వచ్చాక, పొయ్యి వెలిగించే ముందు, పెరటి మెట్టు మీద కాళ్ళు చాపుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటాను. రోజు మొత్తంలో ఎవరికీ ఏమీ అందించకుండా ఉండేది ఆ ఇరవై నిమిషాలే. పక్కింటి టైలరమ్మ కిటికీ దగ్గర మిషను తొక్కుకుంటూ ఉంటుంది. మధ్యలో నడుమెత్తు తీగ కంచె. ఆవిడ దారం కొరుకుతూ ఒక కబురు చెబుతుంది, నేను టీ తాగుతూ ఒకటి చెబుతాను. అంతే. ఒకనాడు మా అత్తగారు వంటింట్లోంచి చూసి, “అలా కాళ్ళు బారచాపుకుని నలుగురి కంటా పడితే ఏం బాగుంటుంది” అన్నారు. ఆ నలుగురిలో టైలరమ్మని తీసేస్తే మిగిలిన ముగ్గురెవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన మాత్రం తల్లి మాట కింద పడకముందే పట్టుకుని, మనకి ప్రైవసీ కావాలి అని తేల్చేశారు.

ఆ ఆదివారమే నర్సరీకి వెళ్ళాం. సైప్రస్ అట. కాలంతో పని లేకుండా పచ్చగా ఉంటుంది, ఏడాదికి మూడడుగులు లేస్తుంది, ఒకదానిలో ఒకటి కలిసిపోయి గోడలా నిలబడుతుంది. నర్సరీ పెద్దాయన అన్నీ ఓపిగ్గా చెప్పాడు. రెండున్నర అడుగులకొకటి నాటాలి, మొదటి రెండేళ్ళు వేళ్ళు ఎండనివ్వకూడదు, ఏటా రెండుసార్లు పక్కలు కత్తిరించాలి, కావలసిన ఎత్తు రాగానే తల తుంచాలి. “ఒక్కటి మాత్రం మరిచిపోకండి. పచ్చగా ఉన్నంత మేరే కత్తెర పెట్టాలి. లోపలి గోధుమరంగు కొమ్మ దాకా కోశారంటే అక్కడ ఇక చిగురు రాదు. ఆ కన్నం అలాగే ఉండిపోతుంది,” అన్నాడు. మా ఆయన అప్పుడు ఫోన్లో కంచెల ఫోటోలు చూస్తున్నారు. నేను విన్నాను. వినేదాన్ని నేనే కదా.

పన్నెండు మొక్కలు, పన్నెండు గోతులు. నేను తవ్వుతుంటే మా ఆయన కుర్చీ వేసుకుని, వరస వంకర పోకుండా ఒక కన్ను మూసి చూశారు. ఐదోది కాస్త ఎడమకి జరపాలి మనం అన్నారు. ఐదోదాన్ని మూడుసార్లు నాటాను. ఆ తరవాత మూడేళ్ళు నీళ్ళు, ఎరువు, కలుపు, కత్తెర. నిచ్చెన ఎక్కడం బళ్ళో నేర్చిన విద్యే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. జిగురు తగిలి మోచేతుల దాకా దద్దుర్లొస్తే, మనం గ్లవ్స్ వేసుకోవాలి అని సలహా కూడా వచ్చింది. ఆఫీసువాళ్ళు ఎవరైనా వస్తే మా ఆయన వాళ్ళని తిన్నగా పెరట్లోకి నడిపించి, నడుం మీద చేతులు పెట్టుకుని, “జానెడు మొక్కలు తెచ్చాను, ఎలా పెంచానో చూడండి” అనేవారు. నేను టీ ట్రేతో వెనక నిలబడి ఆ వాక్యానికి కర్త ఎవరా అని వెతుక్కునేదాన్ని. పనికి మనం, పేరుకి నేను. ఒళ్ళు మండేది. నిజం చెప్పొద్దూ, మొక్కల మీద మాత్రం కోపం రాలేదు. పొద్దున్నే చేత్తో నిమిరితే నిమ్మతొక్క వాసన వేసేవి.

మూడో ఏటికి అవి నా తల దాటిపోయాయి. టైలరమ్మ కిటికీ కనపడటం మానేసింది. మిషను చప్పుడొక్కటే వినిపించేది. మెట్టు మీద ఎండ పోయింది, కూర్చుంటే కాళ్ళు చల్లబడేవి. నాలుగు రోజులు కూర్చుని చూసి ఐదో రోజు నుంచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను. ఉల్లిపాయల వల్ల కాదు. నాకు అడ్డంగా నేనే నీళ్ళు పోసి గోడ పెంచుకున్నాను.

నాకంటే ఎక్కువగా డీలా పడింది మా అత్తగారు. టైలరమ్మ ఇంటికి ఎవరెవరొస్తున్నారో, ఏ రంగు గుడ్డ తెస్తున్నారో వంటింటి కిటికీలోంచి చూడటమే ఆవిడ పొద్దు పోయే మార్గమని అప్పటిదాకా నాకు తెలియదు. అక్కడికి ఎర్ర స్కూటరు మీద వచ్చే పిల్లకి సంబంధం కుదిరిందో లేదో అని వారం రోజులు మథనపడి, చివరికి నా దగ్గరికొచ్చి, “అమ్మాయ్, ఆ చెట్లు మరీ అంత ఒత్తుగా ఎందుకు పెంచావే” అన్నారు. మూడేళ్ళలో పెంచావు అన్న మొదటి మనిషి ఆవిడే. తిట్టే అయినా చెవికి ఎంతో ఇంపుగా ఉంది.

ఆఫీసు పని మీద మా ఆయన ఊరెళ్ళిన శనివారం, నేను కంచె దగ్గరికి వెళ్ళి టైలరమ్మని పిలిచాను. కంచెకి కన్నం పెట్టాలనుకుంటున్న సంగతి చెప్పగానే ఆవిడ అవతల నుంచి, “మెడ గుండ్రంగా పెట్టాలా, చదరంగానా టీచరమ్మా?” అంది. సుద్ద ఆకుల మీద పట్టలేదని ఎర్ర గుడ్డ పీలికలు గుండుసూదులతో గుచ్చి కొలత పెట్టింది. మా అత్తగారు పీట వేసుకుని కూర్చుని, తన కంటికి అందేలా మరో నాలుగు వేళ్ళు కిందికి దింపించారు. నా మెట్టుకి ఎదురుగా ఉన్నది ఐదో చెట్టే. చకచకా కత్తిరించుకుంటూ పోయి పచ్చదనం అయిపోయే చోట ఆగాను. ఇక్కడితో వదిలేస్తే మెల్లగా మళ్ళీ కమ్ముకుంటుంది, ఎవరికీ ఏ గొడవా ఉండదు, నేను మళ్ళీ వంటింట్లోకి పోతాను. నర్సరీ పెద్దాయన మాట గుర్తొచ్చింది. రంపం అడిగితే అత్తగారు లేచి తెచ్చిచ్చారు. ఆవిడ నాకేదైనా అందించడం అదే మొదలు. ఏమనుకోకు అని చెట్టు మీద చెయ్యి వేసి, గోధుమరంగు కొమ్మ దాకా కోశాను. ఆఖరి కొమ్మ పడగానే నోట్లో గుండుసూదులతో సహా టైలరమ్మ ముఖం కనపడింది.

సోమవారం సాయంత్రం మా ఆయన వచ్చి ఒక కన్ను మూసి కన్నంలోంచి చూశారు. “సరేలే, మనం ఎరువు వేసి బాగా నీళ్ళు పోస్తే మళ్ళీ చిగురిస్తుంది” అన్నారు.

“చిగురించదండీ. లోపలి కొమ్మ దాకా కోసేశాక ఇక రాదు. నర్సరీ ఆయన ఆ రోజే చెప్పాడు.”

“అసలెవరు కోశారు?”

“మేము.”

“మేమంటే?”

నేను నోరు తెరిచేలోపే, పీట మీద కూర్చుని ఎర్ర స్కూటరు కోసం చూస్తున్న మా అత్తగారు తలైనా తిప్పకుండా, “నువ్వు కాకుండా, నాయనా” అన్నారు.

నేను మెట్టు మీద కూర్చుని ఎండలోకి కాళ్ళు చాపుకున్నాను.