కదలకుండా మారిన స్టేటు

"సెమినార్‌కి బయటినుంచి వచ్చే పెద్దాయనకి నీ లెక్కలు కొట్టినపిండే. మిగతా హాలుకి మామూలు మాటల్లో చెప్పలేకపోతే మాత్రం నీ థీసిస్ వచ్చే ఏడాదికి వాయిదా వేద్దాం," అనేసింది గైడు మేడం. సౌజన్యకి తలప్రాణం తోకకొచ్చింది. సమీకరణాలు చకచకా విప్పేసే పిల్ల, మామూలు మాట దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతుంది. సెమినార్ చూస్తే రేపే.

గోల్‌మురి టిన్‌ప్లేటు ఫ్యాక్టరీ క్వార్టర్లో నానమ్మ జోగమ్మ కత్తిపీట ముందేసుకుని ఆనపకాయ తరుగుతోంది. దొరికింది కదా అని సౌజన్య ఆవిడ ఎదుట చతికిలబడి, సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి, చుట్టూ గీతలు కలిపింది.

"నానమ్మా, నా థీసిస్ పేరు స్టేట్ ట్రాన్స్‌ఫర్."

జోగమ్మ చెయ్యి ఆగిపోయింది. "ట్రాన్స్‌ఫరా? ఏ స్టేటుకేసార్రా నిన్ను? ఇన్నాళ్ళూ సెప్పనేదేటి?" ఆవిడ మొహం ఇంతైపోయింది.

"రాజ్య్ వాలా స్టేట్ నహీ నానమ్మా, రాష్ట్రం కాదు," అని నవ్వేసింది సౌజన్య. "ఈ చుక్క ఒక అణువనుకో. దాని స్టేట్ అంటే, ఇప్పుడది ఎలా ఉందో అది. గీతలమ్మట పోయి, ఎదుటి మూలనున్న చుక్కకి చెక్కుచెదరకుండా చేరాలి. గీతలు ఎలా గీస్తే చేరుతుందన్నదే నా పని."

"అయితే ఈ సుక్క లెగిసి ఆ మూలకెల్తాదా?"

"వెళ్ళదు. రిహార్సల్లో అందరూ అదే అడిగారు. చుక్క కదలకుండా స్టేట్ ఎలా మారుతుందంటే గుడ్లప్పగించాను."

జోగమ్మ మళ్ళీ ఆనపకాయ అందుకుంది. "అదేటే గుంటా, కదలకుండా స్టేటు మారడం నీకు తెల్దా? మీ తాత సైకిలెక్కి టిన్‌ప్లేటు డ్యూటీకి ఎల్లినప్పుడు మనది బీహారు. ఓ రేత్రి బీహార్లో తొంగున్నాం, తెల్లారి జార్ఖండ్‌లో లెగిసాం. మంచం కదల్నేదు, గోడకున్న మేకు కదల్నేదు. స్టేటే మారిపోనాది. నా నోట్లో మాత్రం శానాళ్ళు సగం బీహారూ, సగం జార్ఖండూ వచ్చీది."

సౌజన్య సుద్దముక్కతో గీత మధ్యలో ఓ గుర్తు పెట్టింది. మధ్యలో సగం అక్కడా సగం ఇక్కడా ఉండడం, చివరికి పూర్తిగా చేరడం! తన లెక్కంతా ఆ పూర్తిగా అన్న మాట కోసమే. ఆనందం పట్టలేక, ఆనపకాయ తడి చేతుల్తో సహా ముసలిదాన్ని వాటేసుకుంది.

మర్నాడు సెమినార్లో సమీకరణం జోలికి పోకముందే మంచం గురించీ మేకు గురించీ చెప్పింది. హాలంతా గొల్లున నవ్వింది. మంచం మీంచి లేవకుండా రాష్ట్రం మారిన జనమే కదా ముప్పాతిక మంది! బయటి పెద్దాయన కూడా నవ్వి, "ఇహ లెక్క చూపించమ్మా," అన్నాడు. చూపించింది. తడుముకోలేదు. మేడం వాయిదా మాటే ఎత్తలేదు.

సాయంత్రం గేటు దగ్గర జోగమ్మ పక్కింటి పోలమ్మని ఆపింది. "మా గుంట పాసైపోనాది. స్టేట్ ట్రాన్స్‌ఫరు."

"అయ్యో, ఎల్లిపోతాదేటి?" అని పోలమ్మ బుగ్గన వేలేసుకుంది.

జోగమ్మ ఆవిడకేసి జాలిగా చూసింది. "సుక్క కదల్దే పోలమ్మా," అంది తాపీగా.

లోపల చెప్పులు విప్పుతున్న సౌజన్యకి ఆ మాట వినపడింది. నానమ్మ అన్నది సుద్ద చుక్క గురించి కాదు, ఎటూ పోకుండానే మారిన తన గురించేనని తెలిసి, అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది.