అక్రోటు తోటకు ఊ కొట్టినవారు

కాశీబుగ్గలో ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన నాటి నుంచి చుట్టుపక్కల ఊళ్ల తగువులు నా వరండాకు రావడం మామూలైపోయింది. గట్టు తగువులు విన్నాను, గోడ తగువులు విన్నాను. 2006 వేసవిలో వచ్చిన తగువు మాత్రం సినిమాకు సంబంధించినది. వాది దేవి, నా పూర్వ విద్యార్థిని. ప్రతివాది ఆమె తండ్రి అప్పన్న, జలంత్రకోట రైతు.

కుర్చీ చూపించినా అప్పన్న కూర్చోలేదు. వరండా మెట్టు మీద చతికిలబడి, తలగుడ్డ విప్పి మోకాలి మీద వేసుకున్నాడు.

"మీరే సెప్పండి టీచరమ్మగారూ. పెళ్లి వీడియోలు తీత్తానంది, తియ్యమన్నాను. కెమేరా కావాలంది, కొన్నాను. ఇప్పుడు నన్ను తీత్తాదట! నన్నూ, తుపానుకి పడిపోయిన నా కొబ్బరి తోటనీ. ఇంట్లో ఏడుపు ఎవులైనా ఈదిలో ఎట్టుకుంతారేటండీ?"

"నాన్న ఏడవక్కర్లేదు టీచర్. తోటలో నిలబడి నాలుగు మాటలు చెబితే చాలు," అంది దేవి.

"నిల్సోడానికి నేనేటి, దిష్టిబొమ్మనా?"

దేవి హైదరాబాదులో సినిమా కోర్సుకు దరఖాస్తు పెట్టదలచింది. దానితో పాటు తన సొంత జీవితం మీద తీసిన ఒక చిన్న సినిమాను పంపాలి. గడువు ఆ నెలాఖరు. తన జీవితంలో తీయదగినది ఏదని ఆలోచిస్తే ఆ పిల్లకు ఒక్కటే తోచింది. 1999 దసరా ముందు వచ్చిన తుపానులో ఉద్దానం కొబ్బరి తోటలు నేలకొరిగినప్పుడు అప్పన్న తోట కూడా పోయింది. తరువాత అతడు మళ్లీ మొక్కలు వేశాడు, పెంచాడు. పోయిన తోట గురించి మాత్రం ఇంట్లో గాని, బయట గాని ఏనాడూ నోరు విప్పలేదు. తండ్రి ఒప్పుకోకపోతే సినిమా లేదు, సినిమా లేకపోతే కోర్సు లేదు.

"నా ఒక్కదానికే పట్టిన పిచ్చి కాదిది," అంటూ దేవి సంచిలోంచి ఒక డిస్కు తీసింది. విశాఖపట్నంలో సినిమాల సంఘం వారి దగ్గర అడిగి తెచ్చిందట. "సోలాంజ్ అనే ఫ్రెంచి అమ్మాయి తీసింది. ఆవిడ మొదటి సినిమా. అందులో ఆవిడ నాన్న ఉన్నాడు, వాళ్ల తోట ఉంది. ఇదే నా సాక్షి. చూసి మీరు తీర్పు చెప్పండి."

సాక్షి మాటను ఒక పక్షం వారి పరోక్షంలో వినడం ధర్మం కాదు. ఆ మాటే అన్నాను. చూస్తే అందరమూ కలిసి చూడాలి. అప్పుడు ఇంకొక చిక్కు తేలింది. మాటలు ఫ్రెంచిలో, కింద పడే అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అప్పన్నకు రెండూ రావు. విశాఖపట్నం కాన్వెంటులో ఫ్రాన్సు దేశపు సిస్టర్లు బెత్తం పట్టుకుని నేర్పిన ఆ భాష నాకు ఇంకా జ్ఞాపకం ఉంది గనుక తెలుగులో చెప్పగలను. అయితే సాక్షి మాటను వినిపించేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే అయితే అది న్యాయం అనిపించుకోదు.

"నేను దుబాసీని మాత్రమే. తీర్పు చెప్పేవాడివి నువ్వే అప్పన్నా," అన్నాను. "కాకపోతే ఒక షరతు. మొదటి నుంచి చివరి దాకా చూడాలి. మధ్యలో లేచిపోతే ఓడిపోయినట్టే. చివరికి నువ్వు కాదంటే దేవి మళ్లీ అడగకూడదు."

అప్పన్న ముఖం వికసించింది. తానే న్యాయమూర్తి అయిన కేసు ఎవరు ఓడిపోతారు?

"అలగే కానియ్యండి," అన్నాడు. దేవి మాత్రం నా వైపు నమ్మకద్రోహిని చూసినట్టు చూసింది.

ఆ శనివారం దీపాలు పెట్టే వేళకు జలంత్రకోట చేరాను. అప్పన్న అక్క సూరమ్మ, తల్లి లేని దేవిని పెంచిన మేనత్త, ఎండబోసిన జీడిపిక్కలను ఒక మూలకు ఊడ్పించి కళ్లమంతా చాపలు పరిపించింది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ప్రొజెక్టరు ఒక స్టూలు మీద, అప్పన్న ఉతికిన పంచె రెండు గుంజల మధ్య తెరగా సిద్ధంగా ఉన్నాయి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లంతా పని నుంచి నేరుగా వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. అప్పన్న అందరికీ వెనకగా, అరుగు మీద, తీర్పు చెప్పేవాడికి తగిన గాంభీర్యంతో కూర్చున్నాడు.

"ఒరే అప్పన్నా, మజ్జిలో లెగిసి పారిపోకు. గుమ్మం కాడ నేనే కూకున్నాను," అంది సూరమ్మ.

"నువ్వు నిద్దరోకుండా సూడు ముందు," అన్నాడు తమ్ముడు.

సినిమా పేరు 'ఆ ఏడాది గాలి'. ఒక బల్ల దగ్గర ముసలాయన కాఫీ తాగుతూ ఉంటాడు. నేను మైకు అందుకుని మొదటి మాట చెప్పాను: "ఈయన మా నాన్న. ఈయన పెద్దగా మాట్లాడడు."

"ఊఁ" అన్నారు ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో.

నేను ఉలిక్కిపడ్డాను. రెండో మాట చెప్పాను. "మాకు అక్రోటు చెట్ల తోట ఉండేది."

"ఊఁ."

నేను దేవిని సినిమా ఆపమని, తరగతి గదిలో వాడే గొంతు తీశాను. "ఇది సినిమా. మధ్యలో శబ్దం చేయకూడదు. ఎవరూ ఊ కొట్టకండి."

"కత సెప్పినోళ్లకి ఊ కొట్టకపోతే మరియాదేటమ్మా?" అంది సూరమ్మ, నొచ్చుకుంటూ.

"మనం ఊ కొట్టకపోయినా సినిమా ఆగదు సూరమ్మా."

"ఆగదనీసి మనం నోరు మూసుకుని కూకుంతామా? అవతలోడికి ఇన్నామని తెలియొద్దా?"

దేవికి సైగ చేశాను. సినిమా మళ్లీ మొదలైంది. ఊ కొట్టడమూ మళ్లీ మొదలైంది, కాకపోతే కొంచెం మెల్లగా.

సోలాంజ్ సినిమాలో నటులెవరూ లేరు. తండ్రి తండ్రే, తోట తోటే. చదువు మానేసి ఇంటికి వచ్చిన ఏడాది సరదాకు ఒక చిన్న కెమేరాతో తండ్రిని తీయడం మొదలుపెట్టిందట. ఆ బొమ్మలకే తరువాతి కాలంలో తీసినవి జతచేసి కథ అల్లింది. బొమ్మ అక్కడక్కడ వణికింది. ఒకచోట ఆమె వేలు అడ్డం వచ్చింది. దాన్ని కూడా తీసేయలేదు. ఆ వేలు చూడగానే నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. తన తప్పును దాచుకోని మనిషి తండ్రి గురించి అబద్ధం చెప్పదు. ఒక దృశ్యంలో తండ్రి కెమేరాను గమనించి, జేబులోంచి దువ్వెన తీసి, కిటికీ అద్దంలో చూసుకుంటూ ఉన్న నాలుగు వెంట్రుకలనూ శ్రద్ధగా దువ్వుకుంటాడు. ఇంకొకరైతే కత్తిరించే ముక్క అది. ఆమె మొత్తం ఉంచింది. కళ్లమంతా నవ్వింది. వెనక నుంచి అప్పన్న నవ్వు కూడా వినిపించింది.

తరువాత కాయలు కోసే దృశ్యం. వాల్‌నట్ అనే ఈ అక్రోటు కాయ మీద ఆకుపచ్చని తొక్క ఉంటుంది. దాన్ని ఒలిచినవారి చేతులు నల్లబడిపోతాయి. ముసలాయన రెండు అరచేతులూ తెర నిండా పరుచుకున్నాయి, మసి పూసినట్టు.

"ఓలమ్మా, జీడి సేతులు!" అని ముందు వరుసలో ఎర్రమ్మ కేక పెట్టింది. "ఆ బాబు కూడా జీడిపిక్కలు కొడతన్నాడే!"

"అవి జీడిపిక్కలు కావు ఎర్రమ్మా. అక్రోటు కాయలు."

"ఏదోటి. పిక్కే గదా?" అని ఆమె తన చేతులు పైకెత్తి ప్రొజెక్టరు వెలుగులో పట్టుకుంది. పక్కనున్నవారూ ఎత్తారు. తెర మీద ముసలాయన చేతుల పక్కన జీడి రసానికి నల్లబడిన ఆ చేతుల నీడలు పడ్డాయి. దేవి వద్దనబోయి ఊరుకుంది. నేనూ వద్దనలేదు.

"ఆ మావకి బూడిద రాసుకుంటే పోతాదని సెప్పండి," అన్నాడు అప్పన్న వెనక నుంచి.

అలా ఆ ఫ్రాన్సు దేశపు పెద్దమనిషి జలంత్రకోటకు మావ అయ్యాడు.

వాళ్ల గాలివాన కూడా 1999లోనే, క్రిస్మస్ పోయిన రెండు రోజులకు వచ్చింది. మన తుపాను వచ్చి అప్పటికి రెండు నెలలు దాటి ఉంటుంది. తెల్లవారి సోలాంజ్ కెమేరా పట్టుకుని బయటికి వస్తుంది. వేళ్లు ఆకాశం వైపు తిరిగి ఉన్న చెట్లు, బండి చక్రాలంత మట్టిబెడ్డలు కనిపిస్తాయి. తండ్రి చేయి అడ్డం పెడతాడు.

"నన్ను తీయకు," అని చెప్పాను ఆయన మాటగా. "ఇది మన ఇంటి సంగతి."

ఈసారి ఎవరూ ఊ కొట్టలేదు. అందరూ మెడలు తిప్పి అప్పన్న వైపు చూశారు.

"నాకేసి ఏటి సూత్తన్నారు? అటు సూడండి," అని గద్దించాడు అతడు.

సోలాంజ్ కెమేరాను కిందికి దించేస్తుంది. తెరంతా చీకటి. వాన చుక్కల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఒక దర్శకురాలు తన మొదటి సినిమాలో తెరను అంతసేపు ఖాళీగా వదిలేయాలంటే ఎంత ధైర్యం కావాలి! తండ్రి కాదన్నాడు. ఆమె తీయలేదు. తీయలేదన్న సంగతిని కూడా మనకు దాచకుండా చూపించింది. నేను ఎన్నో తగువుల్లో వెతికినా దొరకని న్యాయం ఆ చీకటిలో కనిపించింది. కాసేపటికి తండ్రి గొంతు వినిపిస్తుంది.

"సరే, తియ్యి," అని చెప్పాను. "రేపు ఈ చెట్లు నరికి పట్టుకుపోతారు. ఇక్కడ తోట ఉండేదంటే ఎవరు నమ్ముతారు?"

మళ్లీ వెలుగు వచ్చింది. ఆయన పడిపోయిన మాను మీద కూర్చున్నాడు. కూర్చున్నాడంతే. ఏడవలేదు, మాట్లాడలేదు. నల్లని చేత్తో బెరడును నిమురుతున్నాడు. నేను చెప్పడానికి మాట ఏదీ లేక మైకు ఒడిలో పెట్టుకున్నాను.

అప్పుడు వెనక, అరుగు మీద నుంచి, ఒక్క గొంతు వినిపించింది.

"ఊఁ."

కొంతసేపటికి మళ్లీ, మరికాస్త మెల్లగా, "ఊఁ."

నేను వెనక్కి తిరగలేదు. దేవి ప్రొజెక్టరు పక్కన తల వంచుకుని ఉంది. సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మావ చెప్పేది వినడానికి దుబాసీ అవసరం లేని మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు.

సినిమా పూర్తయి దీపాలు వెలిగాయి. అప్పన్న తలగుడ్డతో ముఖం తుడుచుకుని ముందుకు వచ్చాడు. అందరూ తీర్పు కోసం చూస్తున్నారు.

"సినిమా బాగున్నాది," అన్నాడు. "ఆ పిల్ల నంగనాచి కాదు, మంచిదే. గానీ ఒక అన్నేయం సేసింది."

"ఏమిటది?" అన్నాను.

"పడిపోయిన సెట్లు సూపించింది. మరి ఆ మావ మళ్లీ మొక్కలేసుంతాడు గదండీ? అవి సూపించొద్దా? రైతన్నోడు ఊరికే అలగ కూకునుంతాడా?"

ఆ ప్రశ్నకు నేను సోలాంజ్ తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. దేవి ప్రొజెక్టరు దగ్గర నుంచే, "నేను చూపిస్తాను నాన్నా," అంది. "పాత మొదళ్లూ చూపిస్తాను, కొత్త చెట్లూ చూపిస్తాను."

"నేనేటి ఒప్పుకున్నానని సెప్పినానా?"

"ఒరే, సెప్పీరా. ఆకలేత్తంది," అంది సూరమ్మ.

అప్పన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "సరే, తియ్యి. గానీ తెల్ల సొక్కా ఏసుకుంతాను. ఇస్త్రీది."

"తోటలో ఇస్త్రీ చొక్కా ఎవరేసుకుంటారు నాన్నా! రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండాలి. బనీనూ, లుంగీ..."

"టీచరమ్మగారూ, సూసినారా? బనీనుతో నన్ను దేశమంతా తిప్పుతాదట!"

ఈ తగువులో నేను దుబాసీని కాను గనుక, తీర్పు చెప్పే అధికారం నాకు ఉందనుకున్నాను. "సోలాంజ్ వాళ్ల నాన్న తల దువ్వుకున్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. అప్పన్న తెల్ల చొక్కా వేసుకుంటాడు. ఇక అప్పీలు లేదు," అన్నాను.

మరునాడు పొద్దున్నే తోటలో అతడు పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఒక పక్కన పాత మొదళ్లు, మరో పక్కన తుపాను తరువాత వేసి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్న కొబ్బరి చెట్లు. సూరమ్మా నేనూ కెమేరా వెనక కూర్చున్నాం. దేవి మా ఇద్దరికీ గట్టి హెచ్చరిక చేసింది: "ఇక్కడ మైకు ఉంది. దగ్గొద్దు, మాట్లాడొద్దు. ఊ అసలే వద్దు. టీచర్, అత్తను మీరు చూసుకోండి."

నేను సూరమ్మ వైపు చూపుడు వేలు ఎత్తాను. ఆమె బుద్ధిగా తల ఊపింది.

అప్పన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దేవి తొందరపెట్టలేదు. సోలాంజ్ దగ్గర అది నేర్చుకుందని నాకు సంతోషం కలిగింది. ఒకసారి కాలర్ సర్దుకున్నాడు. ఒక మొదలు పక్కన వంగి, దాని మీద చేయి వేశాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇక్కడ మా అయ్య ఏసిన సెట్టుండీది."

అని ఆగి, మా వైపు చూశాడు. ఎదురుచూస్తున్నట్టు చూశాడు. ఏడేళ్ల తరువాత తెరిచిన నోరు మళ్లీ మూతపడబోతోందని నాకు అనిపించింది. సూరమ్మ నా ఆజ్ఞకు కట్టుబడి పెదవులు బిగించుకుని కూర్చుంది.

"ఊఁ," అన్నాను నేను.

"టీచర్!" అని దేవి పళ్ల బిగువున అరిచింది.

అప్పన్న మాత్రం ఆగలేదు. అయ్య చెట్టు తరువాత అమ్మ పేరున వేసిన చెట్టు, దాని తరువాత దేవి పుట్టిన ఏడు వేసినది, ఒక్కొక్క మొదలు దగ్గరకూ నడుస్తూ చెబుతూనే పోయాడు. దేవి కెమేరాతో వెనకే నడిచింది.

జూలైలో దేవి హైదరాబాదు కోర్సులో చేరింది. ఆమె మొదటి సినిమాను కళ్లంలో అదే పంచె మీద అందరం చూశాం. నా ఊ అందులో అలాగే ఉంది. అది వినిపించగానే ఆడవాళ్లందరూ నా వైపు తిరిగి నోటి మీద వేలు వేసుకున్నారు.