బాపు చూసిన పులి

మా బాపు లాజరు పోయిన పన్నెండో రోజు పొద్దున్నే, కిరాయికి బండి నడిపే ఆత్మారాం తన టాటా సుమో తెచ్చి మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. చావు జరిగిన ఇంటి ముందు హారన్ కొట్టే మనిషిని బోధన్‌లో అదే మొదటిసారి చూడటం. నాలుగు తిట్టడానికే బయటికొచ్చాను.

"కోపం జేయకు అక్కా. లాజరు కాక మార్చి రెండో వారం తాడోబా అడివికి పోదామన్నడు. ఆడ రూం గూడ చెప్పిపెట్టిన. ఇగ పోవుడా, వద్దా?"

తిట్టు గొంతులోనే ఆగిపోయింది. షుగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫీల్డ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, మహారాష్ట్రలో పులుల అడవి చూడటానికి ఇంట్లో చెప్పకుండా బండి మాట్లాడుకున్నాడు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నా వల్లే.

బాపు దగ్గర ఒక పులి కథ ఉండేది. ఫీల్డ్‌మన్ అంటే చెరుకు పండిందో లేదో చూసి కోతకు రాసే మనిషి. కోతవాళ్లు నాలుగు దిక్కుల నుంచి కోసుకుంటూ వస్తే, చివరికి తోట మధ్యలో చిన్న తునక మిగులుతుంది. లోపలున్న పందులూ నక్కలూ అన్నీ అందులోకే చేరతాయి. అందుకని ఆ తునక కోసే ముందు డబ్బాలు మోగించి, ఒక పక్క దారి వదిలి వాటిని పోనిస్తారు. ఒకసారి రుద్రూర్ అవతల కోతవాళ్లు రొట్టెలు తినడానికి కూర్చుంటే, బాపు డబ్బా గిబ్బా లేకుండా ఒక్కడే ఆ తునక దగ్గరికి పోయాడట. లోపలి నుంచి పులి బయటికొచ్చి, గట్టు మీద నెమ్మదిగా నడుచుకుంటూ పోయిందట.

ఇంతవరకు ఎవరైనా నమ్ముతారు. కానీ బాపు ఇక్కడ ఆగేవాడు కాదు.

"అది పోతాంటె గూడ నన్ను సూస్కుంటనే పోయింది. దానికి ఎనక గూడ కండ్లున్నయి. తెల్లగ, రెండు. గందుకే నేను కదల్లె."

ఇక నవ్వులే నవ్వులు. పెళ్ళిళ్లలో, చర్చి విందుల్లో జనం కావాలనే అడిగి మరీ చెప్పించుకునేవారు. బాపుకు కోపం వచ్చేది కాదు. ఒక్క మాట మార్చేవాడూ కాదు.

నేను బడిలో సైన్సు చెప్తాను. పులికి ఎన్ని కళ్ళో మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మూడేళ్ల కింద క్రిస్మస్ భోజనానికి మా బడి టీచర్లందరినీ పిలిస్తే, బాపు వాళ్ళ ముందు ఆ పులిని తీశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "సాలు బాపూ! గది పులి కాదు, నీ అద్దాల మహిమ. ఇగ ఆ ముచ్చట బందు జేయ్," అన్నాను. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆ కథ మళ్ళీ చెప్పలేదు. జనం అడిగినా చెప్పలేదు. ఈ ఫిబ్రవరిలో ఒకరోజు పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

మాలో నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఇంటివాళ్లలో ఒకరు లేచి, పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యమంటే దేవుని ముందు చెప్పే మాట, అందులో కల్పనలు నడవవు. ఒక్కతే బిడ్డను కాబట్టి నేనే చెప్పాలి. పాస్టరుగారు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ తప్పించుకున్నాను. ఆయనకు ఇష్టమైన ఒక్క కథను చెప్పనీయకుండా నేనే నోరు మూయించానని చెప్పుకోనా? లేక ఆయన మంచివాడు, భక్తిపరుడు అని అందరూ చెప్పేదే చెప్పి కూర్చోనా?

ఆత్మారాంను పంపించేద్దామనుకుంటుంటే, లోపలి నుంచి నేను అవ్వ అని పిలిచే మా అమ్మ శారమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆమెకు రెండు కళ్ళకూ మోతిబిందు పొరలు కమ్మాయి.

"పోదాం," అంది.

"నీకు పదడుగుల అవతల బర్రె ఉన్నదో బండి ఉన్నదో తెల్వదు. పులిని ఏం సూస్తవే అవ్వా?"

"సూడనీకి ఎవలు వస్తున్నరు? నువ్వు సూసి చెప్పు, నేను వింట. ఇన్నేండ్లు మీ బాపు చెప్తె వినలేదా?"

అలా నలభై రోజులు నిండకముందే మేము టూరు బయల్దేరాం. మా వాడకట్టు వాళ్ళకు నెల రోజులకు సరిపడా ముచ్చట దొరికింది. అవ్వ సర్వపిండి, ఉడకబెట్టిన గుడ్లు, మామిడికాయ తొక్కు కట్టించింది. నిర్మల్ దాకా కీర్తనలు పాడింది, ఆదిలాబాద్ దాకా నిద్రపోయింది, చంద్రపూర్ దాకా ఆత్మారాంకు ఎట్లాంటి పిల్లను చేసుకోవాలో చెప్పింది.

అడవి గేటు దగ్గర బాపురావు అనే గైడు బండెక్కాడు. అతనిది మరాఠీ, ఆత్మారాం మాకు తెలుగులో చెప్పాలి. మొదటి రూలు, మాట్లాడొద్దు. మా అవ్వకు ఆ రూలు ఏ భాషలో చెప్పినా ఎక్కదు.

"ఏమున్నది?" అనేది.

"దుప్పులు," అని చెవిలో చెప్పేదాన్ని.

"ఎన్ని?"

"ఇర్వై దాక ఉంటయి."

"గిప్పుడు?"

"అడివి దున్న."

"వర్ని ఊరి అంగట్ల బర్రె కంటె పెద్దగుంటదా?"

"మస్తు పెద్దగుంటది. ఊకో అవ్వా!"

కాసేపయ్యాక మళ్ళీ "ఏమున్నది?"

"చెట్టు."

"ఏం చెట్టు?"

"టేకు."

"టేకు సూడనీకి గింత దూరం వచ్చినమా?"

బాపురావుకు తెలుగు రాకపోయినా నవ్వాడు. నవ్వుతూనే వేలు పెదవుల మీద పెట్టి, "శాంత్ బసా," అన్నాడు. అవ్వ రెండు నిమిషాలు ఊరుకుంది.

ఆ సాయంత్రం పులి కనిపించలేదు. మర్నాడు పొద్దున ఇంకో చక్కర్ కొట్టాం. అదే ఆఖరిది. ఎండ ఎక్కుతోంది. నాకు ఏడుపొస్తోంది. అప్పుడు ఎక్కడో దుప్పి ఒకటి, దేన్నో చూసి బెదిరినట్టు గట్టిగా అరిచింది. బాపురావు ఆత్మారాం భుజం మీద చెయ్యేశాడు. బండి ఆగింది.

ఎడమ పక్క వెదురు పొదలోంచి పులి దారి మీదికి వచ్చింది. మమ్మల్ని లెక్కచేయకుండా, మాకు వీపు చూపించి, దుమ్ములో ముందుకు నడవడం మొదలుపెట్టింది.

"అవ్వా, పులి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఎట్లున్నది?"

"పెద్దగుంది. ఎనక నుంచి కనవడ్తున్నది. తొందరేం లేదు దానికి, మెల్లగ పోతున్నది." నా చూపు దాని తల మీద ఆగింది. అక్కడి నుంచి కదల్లేదు. "మనల్ని సూస్తున్నదే అవ్వా. పోతాంటె గూడ మనల్ని సూస్కుంటనే పోతున్నది. దానికి ఎనక గూడ కండ్లున్నయి. తెల్లగ, రెండు."

అన్నాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

అవ్వ పట్టు బిగిసింది.

అవి చెవులు. చెవుల వెనక నల్లగా ఉండి, నడుమ ఒక్కో తెల్లటి మచ్చ. ప్రతి పులికీ పుట్టుకతోనే ఉంటాయని బాపురావు చెప్తే, ఆత్మారాం తెలుగులో చెప్పాడు. మా బడి గోడ మీద పులి బొమ్మ ఉంది, అది ముందు నుంచి గీసింది. పుస్తకంలోదీ అంతే. నేను చదివిన పులులన్నీ నాకు ఎదురుగానే నిలబడ్డాయి. బాపు చూసినదొక్కటే వెళ్ళిపోతున్న పులి. నిజం చెప్పావు బాపూ అని ఒక్కసారి అందామంటే మనిషి లేడు. పిచ్చిదానిలా గట్టిగా ఏడ్చాను. బాపురావు పాపం, ఈసారి శాంత్ బసా అనలేదు.

నలభయ్యో రోజు కూడికకు ఇల్లు నిండింది. నేను లేచి సాక్ష్యం చెప్పాను. క్రిస్మస్ రోజు బాపు నోరు మూయించిన సంగతి చెప్పాను, అడవికి పోయిన సంగతి చెప్పాను. "దానికి నిజంగనే ఎనక కండ్లసొంటియి ఉన్నయి. నేను సూసిన," అన్నాను.

బాపు దోస్తు బాలనర్సయ్య, రుద్రూర్ రైతు, వెనక వరసలోంచి అన్నాడు. "ఏం బిడ్డా, మీ బాపు అద్దాలు నువ్వు వెట్టుకున్నవా?"

ఇల్లంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. బాపుకు ఎందుకు కోపం వచ్చేది కాదో అర్థమైంది. చూసినవాడికి కోపమెందుకు?

అవ్వ లేచి నిలబడింది. "నేను గూడ సాక్ష్యం చెప్త."

"నీకు కండ్లే కనవడయి గద శారమ్మా," అన్నాడు బాలనర్సయ్య.

"కనవడయి. సూసిన అంటలేను. మా ఆయన నోట్లకెల్లి ముప్పై ఏండ్లు విన్న. మొన్న అడివిల నా బిడ్డ నోట్లకెల్లి విన్న. ఒక్క మాట తేడా లేదు."

బాలనర్సయ్య తల మీది రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొదటికెల్లి చెప్పు బిడ్డా," అన్నాడు. "మీ బాపు చెప్పినట్టు."

కోతవాళ్లు రొట్టెలు తినడానికి కూర్చున్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను.