ఊ కొట్టే మనిషి

మా ఆయన మీద అమెరికా ప్రభుత్వం కేసు పెట్టింది. కాగితం మీద అచ్చంగా అలాగే ఉంది, ఒక పక్క దేశం పేరు, ఇంకో పక్క శశికాంత్ అని మా ఆయన పేరు. ఇంత పెద్ద దేశానికి తగువు పెట్టుకోవడానికి ఈయనే దొరికారా అనుకున్నాను. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా మొహమాటపడే మనిషి ఆయన.

నా పేరు నాగమల్లేశ్వరి. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో పదిహేడేళ్ళుగా ఉంటున్నాం. నేను వాగుడుకాయని, ఆయన బెల్లం కొట్టిన రాయి. నేను గంటసేపు మాట్లాడితే ఆయన మధ్యమధ్యలో ఊఁ అంటారు. మా అమ్మాయి అనిక దాన్ని ‘డాడీ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్’ అంటుంది. ఆ ఊఁ విని విని నాకు ఎన్నిసార్లు ఒళ్ళు మండిందో లెక్కలేదు. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం అని ఆయన మొహం మీదే అనేదాన్ని. దానికీ ఊఁ అనేవారు.

ఆయన పనిచేసింది శ్యామ్‌సుందర్ కన్సల్టెన్సీలో, ఆఫీస్ మేనేజర్‌గా. శ్యామ్‌సుందర్ కాలేజీలో ఈయనకి రెండేళ్ళు సీనియరు. ఇంట్లో అందరం శ్యామన్న అనేవాళ్ళం. ఇండియా నుంచి ఇంజనీర్లని వీసా మీద తెప్పించి వేరే కంపెనీల్లో పనికి పెట్టడం ఆ కన్సల్టెన్సీ వ్యాపారం. వీసా రావాలంటే ఫలానా కంపెనీలో ఈ మనిషికి పని ఉందని ఒక లెటర్ జతచెయ్యాలి. శ్యామన్న ఆ లెటర్లు తయారు చేయించి బల్ల మీద పెట్టేవాడు, మా ఆయన సంతకాలు పెట్టేవారు. వాటిలో పదకొండు లెటర్లు దొంగవి. ఆ కంపెనీల్లో అలాంటి పనులే లేవు.

ముందు దొరికింది శ్యామన్నే. దొరకగానే, శిక్ష తగ్గిస్తారన్న ఆశతో గవర్నమెంట్ వైపు చేరిపోయాడు. వాళ్ళు చెప్పినట్టే ఒక శనివారం పొద్దున మా ఆయనకి ఫోన్ చేశాడు. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఈయన పెరట్లో నిమ్మచెట్టుకి నీళ్ళెళ్ళే పైపు పగిలితే బాగుచేస్తున్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇటుకల మీద ఉంచారు. శ్యామన్న మాట్లాడుతూనే ఉన్నాడు, ఈయన చేతులు బురదలో పెట్టుకుని ఊఁ, ఊఁ అంటున్నారు. వంటింటి కిటికీలోంచి విని, పోనీలే ఇవాళ ఆ పాట్లు శ్యామన్నవి అని నవ్వుకున్నాను కూడా. ఆ ఫోన్ కాల్ అంతా రికార్డయింది.

కేసు పడ్డాక మాకు లాయరుగా అదితి దొరికింది. అమెరికాలోనే, శాన్ రామన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. కోర్టులో పులి అని పేరు, నాకు మాత్రం ‘ఆంటీ’ అంటూ ముద్దుముద్దు తెలుగు మాట్లాడేది. ఆ ఫోన్ కాల్‌ని గవర్నమెంట్ వాళ్ళు ఇంగ్లీషులో రాయించిన కాగితాలు తెచ్చి ఒకరోజు మా డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. తీసి చదివాను. పేజీ తిప్పితే ఎస్, మళ్ళీ తిప్పితే ఎస్.

“ఇదేంటి అదితీ! ఈయన ఇన్నిసార్లు ఎస్ అన్నారా? నేను అక్కడే ఉన్నాను కదా!”

“అంకుల్ ఎస్ అనలేదు ఆంటీ. నేను రికార్డింగ్ విన్నాను. ఓన్లీ ఊఁ. ఫార్టీ త్రీ టైమ్స్. ట్రాన్స్‌లేట్ చేసినవాళ్ళు ప్రతి ఊఁకి ఎస్ అని రాశారు.”

ఆ నలభై మూడింటిలో మమ్మల్ని ముంచింది ఒక్కటే. ‘ఆ పదకొండు లెటర్లూ ఉత్తవేనని నీకు మొదట్నించీ తెలుసు కదరా శశీ’ అని శ్యామన్న అంటాడు. దాని కింద ఎస్ అని ఉంది.

అదితి వెళ్ళాక ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. “నాకు నిజం చెప్పండి. మీకు తెలుసా?”

“తెలీదు” అన్నారు. మళ్ళీ ఆయనే, “అడిగుండాల్సింది” అన్నారు.

“మరి శ్యామన్న అలా అంటుంటే, నాకేం తెలుసన్నా అని ఒక్క ముక్క అనొచ్చు కదండీ!”

“ఆయన చెప్తున్నాడు కదా మల్లీ. పెద్దవాడు. మధ్యలో ఎలా అడ్డం వస్తాను? ఫోన్ పెట్టేలోపు అడుగుదామనుకున్నాను, పెట్టేశాడు.”

తల బాదుకోవాలనిపించింది. నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకుంటే ఇంతే అని లోపల్లోపల తిట్టుకుని, ఆ రాత్రంతా ఆయన చెయ్యి పట్టుకునే పడుకున్నాను.

అదితి మా ముందు రెండు దారులు పెట్టింది. నేరం ఒప్పుకుంటే ఏడాది లోపే శిక్ష పడొచ్చు. కాని ఇది మోసం కేసు, గ్రీన్‌కార్డ్ నిలవడం కష్టం, జైలు నుంచి నేరుగా ఇండియాకి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు. ట్రయల్‌కి వెళ్ళి గెలిస్తే ఇంట్లో ఉంటారు. ఓడితే జైలూ ఎక్కువే, ఆ తర్వాత విమానం ఎక్కించడమూ తప్పదు. అనికకి పదిహేనేళ్ళు. సోఫాలో ముడుచుకుని అంతా విని, “డాడీ చెయ్యలేదు కదా. చెయ్యనిది చేశాను అని ఎందుకు చెప్పాలి?” అంది. వాళ్ళ నాన్న దాని తల మీద చెయ్యి వేసి ట్రయల్‌కే వెళ్దామన్నారు.

ఊఁ అంటే ఎస్ కాదని, తీర్పు చెప్పే జ్యూరీకి నమ్మకం కలిగించాలి. మాకున్న ఆశంతా అదే. మా తరఫున ఒక భాషా పండితుణ్ణి పెట్టింది అదితి. కాని పండితుడి మాట చెవికెక్కుతుందేమోగాని మనసుకెక్కదని, ఆ ఊఁతో కాపురం చేసిన మనిషి చెప్తేనే నమ్ముతారని నన్ను కూడా సాక్షిగా వేసింది. దానికోసం మూడు సాయంత్రాలు తన ఆఫీసుకి పిలిచి ప్రాక్టీసు చేయించింది.

“ఆంటీ, అడిగింది మాత్రమే చెప్పాలి. ఆన్సర్ అయిపోతే ఫుల్‌స్టాప్. ఎక్స్‌ట్రా వద్దు.”

“అలాగేనమ్మా. నాకు తెలీదా? అయినా ఇదివరకు మా ఎదురింటివాళ్ళ గొడవలో కూడా నేనే...”

“ఆంటీ. ఫుల్‌స్టాప్.”

ఫీనిక్స్ కోర్టులో ట్రయల్ మొదలైంది. సాక్షులు ముందుగా లోపలికి రాకూడదట. మూడు రోజులు బయట బెంచీ మీద కూర్చుని ఆ తలుపు వైపే చూశాను. లోపల నా మొగుడి బతుకు తేలుస్తుంటే నేను బయట కూర్చుని పల్లీలు నములుతున్నాను. నాలుగో రోజు పిలిచారు. చెయ్యెత్తి ప్రమాణం చేసి కూర్చున్నాను. ఆయన నీలం కోటులో, ఎవరింటికో భోజనానికొచ్చి కూర్చున్నట్టు ఒదిగి కూర్చున్నారు.

ఊఁ అంటే ఏమిటని అదితి ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. వింటున్నాను, నువ్వు కానివ్వు అని దానర్థం అన్నాను. మా ఇళ్ళల్లో పిల్లలకి కథ చెప్తుంటే వాళ్ళు ఊ కొడుతూ ఉండాలని, ఊ ఆగిపోతే నిద్రపోయారని కథ ఆపేస్తామని చెప్పాను. ఊ కొట్టిన పిల్లవాడు రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోవడానికి ఒప్పుకున్నట్టా అని అడిగాను. జ్యూరీలో ఒకావిడ నవ్వింది.

మీ భర్త ఇంట్లో ఊఁ ఎలా అంటుంటారు అని అదితి అడిగింది. ఒకసారి ఆయన్ని పరీక్షిద్దామని ‘ఏమండీ, ఇల్లు తగలబడుతోంది’ అన్నాననీ, ఆయన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా ఊఁ అన్నారనీ చెప్పాను. ఈసారి అందరూ నవ్వారు. జడ్జిగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వులు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. గెలిచేస్తున్నాం అనిపించింది. అదితి ‘థాంక్యూ, అంతే’ అని వెనక్కి తిరిగింది. నేను అక్కడ ఆగాలి. ఆగలేదు.

“అంతెందుకు, మా పెళ్ళిచూపుల్లో కూడా ఈయన నోరు విప్పలేదు! అమ్మాయి నచ్చిందా బాబూ అని మా నాన్న అడిగితే, ఊఁ అన్నారు. అంతే!”

గదంతా నవ్వింది. అదితి ఒక్కతే నవ్వలేదు. తిరిగినది తిరిగినట్టే ఒక్క క్షణం నిలబడిపోయి, మెల్లగా వెళ్ళి కూర్చుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట అంత దూరం పోనక్కర్లేకపోయింది, పది అడుగుల్లో ఉన్న గవర్నమెంట్ లాయరు చేతిలో పడింది.

ఆ లాయరమ్మ లేచింది. చేతిలో కాగితాలు బల్ల మీదే వదిలేసి నా దగ్గరికొచ్చింది. చాలా మర్యాదగా అడిగింది. “మీ పెళ్ళయి ఎన్నేళ్ళయిందండీ?”

“ఇరవై రెండు.”

“ఆ రోజు మీ నాన్నగారు ఒక ప్రశ్న అడిగారు. శశికాంత్ గారు ఊఁ అన్నారు. ఆ ఊఁని మీరు ఏమని అర్థం చేసుకున్నారు?”

అదితి అభ్యంతరం చెప్పింది. జడ్జి ఒప్పుకోలేదు, జవాబు చెప్పమన్నారు.

నాకు అప్పుడు తెలిసింది ఏం చేశానో. ‘వింటున్నారని అనుకున్నాను, అంతే’ అనొచ్చు. మూడు మాటలు. అవి అంటే ఆయన ఇంట్లో ఉంటారు. నోరు తెరిచాను. ఆయన నన్నే చూస్తున్నారు. ప్రమాణం చేశానన్న భయం కాదు నన్నాపింది, నిజంగా కాదు. ఏలూరులో మా ముందుగదిలో, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చెవులెర్రబడి, ఈ మనిషి అన్న ఆ ఒక్క అక్షరం విని తలుపు వెనక నేనెంత పొంగిపోయానో నాకే తెలుసు. దాన్ని ఆయన మొహం చూస్తూ కాదనలేకపోయాను.

“ఎస్” అన్నాను. “ఎస్ అనే అనుకున్నాను.”

“థాంక్యూ” అని ఆవిడ కూర్చుంది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు జ్యూరీ గదిలోంచి జడ్జికి ఒక చీటీ వచ్చింది. భార్య ఇచ్చిన సాక్ష్యం మళ్ళీ ఒకసారి చదివి వినిపించమని. చదివారు. నా మాటలు ఎవరో పరాయి మనిషి గొంతులో చప్పగా వినిపించాయి. అందులో నవ్వులు లేవు. గంటన్నర తర్వాత పదకొండు లెటర్లకీ గిల్టీ అన్నారు. పదకొండుసార్లూ ఆయన తలొంచుకుని విన్నారు.

సంతకాలున్నాయి, శ్యామ్‌సుందర్ సాక్ష్యం ఉంది, నీ ఒక్క మాట వల్ల కాదు ఆంటీ అంది అదితి. వరండాలో నన్ను పట్టుకుని చెప్పింది. పిచ్చిపిల్ల, అబద్ధం చెప్పడం దానికి రాదు, కళ్ళనిండా నీళ్ళు. శిక్ష ఎంతో మూడు నెలల తర్వాత చెప్తారు, అందాకా ఇంట్లో ఉండొచ్చు అంది.

పార్కింగ్‌లో కారెక్కాం. తాళం పెట్టి, తిప్పకుండా వదిలేశాను. ఫోన్లో అనిక మెసేజ్‌లు వరసగా వస్తున్నాయి, అమ్మా ఏమైంది, అమ్మా చెప్పు అని. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

“నేనే పంపాను మిమ్మల్ని. నా నోటితో నేనే పంపాను. కాదు అనేస్తే పోయేది కదండీ! ఒక్క అబద్ధం! దానికేం, పిల్ల కోసం ఒక్క అబద్ధం ఆడలేకపోయాను!”

ఆయన నా జుట్టు సవరించి, “నువ్వు నోరు తెరిచి ఆగిపోయావు చూడు, అప్పుడు నాకు చాలా భయమేసింది మల్లీ” అన్నారు.

“జైలు గురించా?”

“కాదు” అన్నారు. “నువ్వు కాదంటావేమోనని.”