క్రేన్ దిగని బావ

పొద్దున ఆరున్నరకి నిచ్చెన ఎక్కితే సాయంత్రం ఆరు దాటితే గానీ నేల మీద కాలు పెట్టడు. ఆ క్రేన్ ఆపరేటరుకి సైటులో అదీ పేరు. నలభై ఏడు మీటర్ల ఎత్తు. దిగడానికో పావుగంట, ఎక్కడానికో పావుగంట. మధ్యలో దిగాడంటే అరగంట పని ఆగిపోతుంది, కాంక్రీటు గట్టిపడిపోతోందని కింద మేస్త్రీ గగ్గోలు పెడతాడు. అందుకే పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: "నీళ్ళు తాగకు. తాగితే దిగాలి. మాటిమాటికీ దిగేవాడు ఆపరేటరు కాడు." ఏం ఉపదేశమండీ అది! మనవాడు దాన్ని పదిహేడేళ్ళు పొల్లుపోకుండా పాటించాడు. రోజంతా కలిపి అరగ్లాసు నీళ్ళు, మధ్యాహ్నం రెండు రొట్టె ముక్కలు, పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోవడం. కడుపు కబురు పెట్టినా "సాయంత్రం చూద్దాంలే" అని వెనక్కి పంపేయడం.

కొన్నేళ్ళకి ఆ కబుర్లూ రావడం మానేశాయి. మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి తలుపేసుకుని ముప్పావుగంట కుస్తీ. కింద నిలబడి సైగలు చేసే సిగ్నల్‌మాన్ పరాయివాడేం కాదు, స్వయానా భార్య తమ్ముడు. "మా బావ బాత్‌రూంలోకి వెళ్ళి వచ్చేలోపు ఇక్కడ ఓ అంతస్తు లేస్తుంది" అని సైటంతా టాంటాం వేసేవాడు. బావా బావమరదులు గనక చెల్లిపోయింది.

అలాంటిది, నెల కిందట రక్తం కనిపించింది.

ఎర్రగా, చుక్కలు చుక్కలుగా. వాళ్ళ నాన్న పోయింది పేగు క్యాన్సరుతో. ఆయనకీ మొదట ఇలాగే రక్తం పడింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు.

అది కళ్ళారా చూసినవాడు బుద్ధి తెచ్చుకోవాలా వద్దా? అబ్బే! ఇతనూ నోరు మెదపలేదు. పైగా తన బట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఏనాడూ బకెట్ ముట్టని మనిషి! భార్య గుమ్మంలో నిలబడి అనుమానంగా చూసింది.

"ఏంటీ కొత్త వేషాలు?"

"నీకు సాయం చేద్దామని."

"సాయం చేసే ముఖమేనా అది? అద్దంలో చూసుకోండి, ఎలా వాడిపోయిందో."

తిండి కూడా సగానికి సగం తగ్గించాడు. తక్కువ తింటే తక్కువ బాధ అని అతగాడి తెలివి. దాంతో ఉన్న బాధ రెట్టింపైంది. కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టే. చివరికి ఇంట్లో ఉన్న మెత్తటి దిండొకటి సంచిలో కుక్కుకుని క్రేన్ క్యాబిన్‌కి పట్టుకెళ్ళాడు. ఆ దిండే కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నం ఇనుప కమ్మీల లారీ ఇంకా రాలేదు. కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. ఇంత ఎత్తున వినేవాళ్ళెవరున్నారు, ఇదే అదను అనుకుని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఒళ్ళోని వాకీటాకీ జారి దిండు కింద దూరిందనీ, దాని బటను నొక్కుకుపోయిందనీ చూసుకోలేదు. పైన అతను అన్న ప్రతి మాటా కింద ఉన్న వాకీటాకీలన్నిట్లో వినిపిస్తోంది.

"నర్సమ్మా, ఒకటి అడగాలి. విరేచనంలో రక్తం పడుతోంది... నెలైంది... లేదమ్మా, ఇంట్లో తెలీదు. మా నాన్న దీంతోనే పోయాడు... మా అమ్మాయి ఇంకా చిన్నదమ్మా. నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది."

ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుని కిందికి చూశాడు. ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు. అందరూ తలలెత్తి పైకే చూస్తున్నారు. కొక్కెం గానీ ఊడిందా? అంతలో ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, వాకీటాకీ మీంచి లే."

దిండు ఎత్తి చూసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"విన్నారా?"

"అందరం విన్నాం. మేస్త్రీ కూడా. ఇంక నోర్మూసుకుని దిగు."

"లారీ వస్తుంది కదరా..."

"లారీ సంగతి నాకొదిలెయ్. అక్కకి ఫోన్ చేసేశాను. నువ్వు దిగుతావా, నన్ను ఎక్కమంటావా?"

ఎగతాళికి పెట్టింది పేరు ఆ కుర్రాడు. అతని గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

డాక్టరమ్మ చూసి, మొలల్లాగే ఉన్నాయంది. కానీ తండ్రి సంగతి విన్నాక, కెమెరా గొట్టంతో పేగంతా చూడాల్సిందేనంది. ఆ పరీక్ష నాలుగు రోజుల తర్వాత. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. భార్య తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. "బట్టలుతుక్కుంటే దాగుతుందనుకున్నారా? నాకు చెప్పాలని కూడా అనిపించలేదా మీకు?"

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ చెప్పింది: "క్యాన్సరేం లేదు. ఇవి మొలలే. మీరే పెంచి పోషించారు."

భార్య అక్కడే కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళు బాగా తాగండి. ఆకుకూరలు, చిక్కుళ్ళు, పళ్ళు రోజూ ఉండాలి. ఒక్కసారే కాదు, కొద్దికొద్దిగా పెంచండి. వచ్చినప్పుడు వెళ్ళాలి, ఆపుకోకూడదు. వెళ్ళినచోట ముక్కుతూ కూర్చోకూడదు, కాళ్ళ కింద చిన్న పీట వేసుకోండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి."

"నేనుండేది నలభై ఏడు మీటర్ల ఎత్తులో అండీ."

"అయితే దిగండి."

మేస్త్రీ గొణుక్కుంటూనే రోజుకి రెండు విరామాలకి ఒప్పుకున్నాడు. "బావా, నీళ్ళు తాగావా?" అని వాకీటాకీలో గంటగంటకీ అరుపు. సైటంతా నవ్వేది. నవ్వితే నవ్వారు, మూడు వారాల్లో రక్తం ఆగింది. అయినా పొద్దున తలుపేసుకున్న ప్రతిసారీ కిందికి చూడాలంటే భయమే. కళ్ళు మూసుకుని, తెరిచి, అప్పుడు చూసేవాడు.

ఓ మధ్యాహ్నం వాకీటాకీ పలికింది. "బావా, ఏడో చానెల్‌కి రా."

ఏడో చానెల్ ఎవరూ వాడరు. మార్చాడు.

"ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్నోసారి తీసుకెళ్తావా?"

"ఎందుకురా, అక్కడ కూడా నా పరువు తియ్యడానికా?"

కింద బావమరిది పసుపు హెల్మెట్ కనిపిస్తోంది. ఎప్పుడూ పైకి చూసే మనిషి నేల చూపులు చూస్తున్నాడు.

"నాకూ పడుతోంది బావా."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు."

రెండేళ్ళు! మరి ఆ వేళాకోళాలు, ఆ టాంటాంలు? "నీకెందుకొచ్చిందిరా? నువ్వు నేల మీదే కదరా ఉంటావు?"

"ఆపరేటరు పైనుంటే సిగ్నల్‌మాన్ చోటు వదలకూడదు కదా. నువ్వు దిగితేనే నేను కదిలేది. అందుకే నేనూ నీళ్ళు మానేశాను."

పదిహేడేళ్ళు దిగనని గొప్పలు చెప్పుకున్నాడు; కింద ఒకడు తన కోసం ఎండలో నిలబడిపోయాడని ఒక్కనాడూ తట్టలేదు. కొక్కెం ఖాళీగా ఉందని చూసుకుని స్విచ్ ఆపేశాడు. విరామానికి ఇంకా గంట టైముంది. కింద మేస్త్రీ అప్పుడే చేతులూపుతున్నాడు.

"అక్కడే ఉండరా. వచ్చేస్తున్నా" అని, నిచ్చెన మీద కాలు పెట్టాడు.